ఊక కలపని చోటు

పోయిన వారం ఆరిఫాను జల్లెడ ముందు వదిలేసి వచ్చాం. పనిలో సాయం చేసే జంపక్క, గుట్ట నుంచి తెచ్చిన ఎర్రమట్టిని జల్లిస్తుంటే పిడికెడంత ముద్ద ఒకటి జల్లెడలో నిలిచిపోయింది. చిదిపితే లోపల నల్లదారంతో రాగి తాయెత్తు. అది ఆమె తమ్ముడు ఫజల్‌ది. చిన్నప్పుడు కామెర్లు వచ్చినప్పుడు అమ్మీ వాడి దండచేతికి కట్టింది, వాడు మళ్లీ తీయలేదు. రాగి రేకు అంచున వాడి పంటిగాటు ఇంకా అలాగే ఉంది.

కాంట్రాక్టర్ అజారుద్దీన్ దగ్గర టిప్పర్ నడిపిన ఫజల్ రెండు వానాకాలాల కింద, గుట్ట జారిన రోజునే కనిపించకుండా పోయాడు. ఆ పొద్దు వాడు పనికే రాలేదనీ, ఎవరినో వెంటబెట్టుకొని వైజాగ్ దిక్కు పోయాడనీ అజారుద్దీన్ అందరికీ చెప్పాడు. జనం నమ్మారు. ఒక మనిషి చచ్చిపోయాడని నమ్మడం కంటే లేచిపోయాడని నమ్మడం ఎప్పుడూ తేలిక.

తాయెత్తును ఆరిఫా ఎవరికీ చూపలేదు. అజారుద్దీన్ కొత్తగా కట్టించిన ఫంక్షన్ హాలు కోసం తాను చేస్తున్న చిత్రంలో, మట్టి పొరల కింద పెట్టి మూసేసింది.

బూర్గంపాడులో ఆ హాలును రేపు తెరుస్తారు.

వేదిక వెనక గోడ మొత్తం ఆ చిత్రమే. ప్లైవుడ్ పలకల మీద గోనెపట్టా బిగించి, దాని మీద సున్నం, సున్నం మీద నల్లరేగడి, ఆ పైన గుట్ట ఎర్రమట్టి మెత్తింది. మధ్యమధ్య బూడిద, బొగ్గుపొడి, ఎండిన తునికాకు. దూరం నుంచి చూస్తే విమానంలోంచి నేలను చూసినట్టు ఉంటుంది. దగ్గరికి వస్తే ముసలిదాని మెడ చర్మంలా ఉంటుంది. కింది అంచున పగుళ్లలోంచి పచ్చరంగు వేసిన జనపనార పోగులు పైకి లేస్తుంటాయి. "భూమి ఎంత పెళుసో అంత మొండిది, అది కనబడాలె" అని పని అప్పగించిన రోజు అజారుద్దీనే అన్నాడు. ఎవరో ఆఫీసర్ దగ్గర విన్న మాట. గుట్టలు తవ్వి రోడ్లకు పోసే మనిషి నోట ఆ మాట విన్నప్పుడు ఆరిఫాకు నవ్వు రాలేదు. సరే చాచా, అంది.

మట్టిపూతలో ఊక, తపసి బంక కలిపితే అది ఎండినా గోడను వదలదు. ఆ సంగతి ఆమెకు చిన్నప్పుడే తెలుసు. తండ్రి హఫీజ్ పాల్వంచలో గచ్చు మేస్త్రి. ఆయనకు ఇంకో పనిలో కూడా పేరుండేది. ముస్లింల ఇళ్లలో ఎవరైనా పోతే ఖననానికి ముందు గుస్ల్ అనే శవస్నానం చేయించేది ఆయనే. పుణ్యం కోసం చేసే పని అది. ఫజల్ పోయినప్పటి నుంచి మానేశాడు. చేతులు వణుకుతున్నాయన్నాడు.

చిత్రమంతా ఊక కలిపిన ఆరిఫా నడిమధ్య అరచేతి వెడల్పున ఒక్కచోట కలపలేదు. అక్కడ మట్టిని మందంగా, బంక లేకుండా పెట్టింది. తాయెత్తు అక్కడే ఉంది. రేపు పరదా తీస్తారు, పెద్ద లైట్లు వేస్తారు, ఉపన్యాసాలు మొదలవుతాయి. ఆ వేడికి మట్టి బిగుసుకుంటుంది, నెర్రెలిస్తుంది, పెంకులుగా రాలుతుంది. ఇంట్లో ఒక పలక మీద చేసి చూసుకుంది కూడా. జిల్లా పెద్దలంతా ముందు వరసలో కూర్చొని ఉండగా, పక్కనే అమ్మీ కూడా ఉండగా, అజారుద్దీన్ గోడ తనంతట తాను నోరు తెరవాలి.

పగ అంటే మంట అంటారు. ఆరిఫాకు అది ఎన్నడూ మంటలా లేదు. వానాకాలం గోడకు పట్టిన తేమలా ఉండేది. పైకి ఏమీ కనబడదు. చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. అన్నం తింటున్నప్పుడు, నమాజు చదువుతున్నప్పుడు, రంగు కలుపుతున్నప్పుడు ఆమె లోపల ఒక చెయ్యి వెళ్లి ఆ గోడను తాకి వచ్చేది. తడి అలాగే ఉందా అని చూసుకునేది. ఉందని తెలిస్తే నిమ్మళంగా ఉండేది. తమ్ముడి ముఖం కొంచెం కొంచెం మరుపుకొస్తున్నా ఆ తడి మాత్రం ఆరలేదు. కొన్నిసార్లు తాను తమ్ముణ్ణి కాక, ఆ తడినే కాపాడుకుంటున్నానేమో అని అనుమానం వచ్చేది. ఆ అనుమానాన్ని ఎక్కువసేపు ఉండనిచ్చేది కాదు.

"ఉన్నమాట చెప్తున్న బిడ్డా" అంది జంపక్క. కింద కూర్చొని తట్టలో మిగిలిన మట్టిని తడుపుతోంది. గుట్ట కింది పల్లెలో కోయ ఇల్లాలు ఆమె. గుట్ట జారినప్పుడు ఆమె జొన్నచేను సగం రాళ్ల కింద పోయింది. "మా ఇంటి గోడ గిట్ల పగిలితే మా అత్త చీపురు తిరగేసేది. నువ్వేమో కావాలని పగులగొట్టి, దానికి దండ ఏపిచ్చుకుంటున్నవ్."

"దండ నాకు కాదు జంపక్కా, చాచాకు."

"ఏస్తరు లే. ఆయన మెడ దండకు అలవాటైన మెడ."

ఆరిఫా నవ్వింది. నిచ్చెన మీద నిలబడి కుడివైపు అంచున బూడిద అద్దుతోంది.

"ఇంకొంచెం ఎర్రమట్టి ఉందా?"

"ఉన్నది. వాగు దిక్కుది. రోడ్డు దిక్కు జారిన కాడ అంతా రాళ్లే, దాన్ల ఏముంటది మట్టి? మొదటి తట్ట నుంచి అంతా వెనకకు పోయి చేతుల్తోనే గోకి తెచ్చిన. విత్తనాల పండుగ కాందే మా ఊర్ల నేలకు ఇనుము తగలనియ్యరు. గోర్లు చూడు, ఎట్లయినయో."

ఆమె చెప్పినదాంట్లో ఆరిఫా సగమే విన్నది. అప్పుడే ఎలక్ట్రీషియన్ వచ్చి వేదిక మీది లైట్లన్నీ ఒక్కసారిగా వేసి, "సారు వస్తున్నడమ్మా, వెలుగుల చూస్తడంట, ఆపకుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

తెల్లటి వెలుగు నేరుగా చిత్రం నడుమ పడింది. ఆరిఫాకు వీపు మీద చెమట పట్టింది. దిగి వెళ్లి ఆపేయాలనుకుంది. దిగేలోపే తలుపు దగ్గర అజారుద్దీన్ చెప్పులు విడుస్తూ కనిపించాడు. కొత్త పాలరాయి మీద తన చెప్పులు కూడా పడనివ్వడు.

తెల్ల చొక్కా, అత్తరు వాసన, ఎప్పుడూ పెదవి మీద ఉండే చిన్న నవ్వు. హఫీజ్‌తో కలిసి ఒకే గల్లీలో పెరిగినవాడు. ఆరిఫా పుట్టినప్పుడు మిఠాయి పంచినవాడు. చిత్రం ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"బహుత్ ఖూబ్ బేటీ" అన్నాడు. ఆ తర్వాత ఉర్దూలోనే ఏదో మొదలుపెట్టాడు. జంపక్కను పనిమనిషిలా చూసి, బయటికి పొమ్మని కళ్లతో చెప్పాడు.

"తెలుగుల మాట్లాడండి చాచా. జంపక్కకు గూడ అర్థం కావాలె. మట్టి ఆమెది" అంది ఆరిఫా.

"మట్టి ఆమెదేంది? గుట్ట లీజు నాది."

"అవ్ దొరా, నాదెట్లయితది" అంది జంపక్క, తట్టలోంచి తలెత్తకుండానే. "నా చేన్ల పడ్డ రాళ్లు గూడ నీయే. వచ్చి తీస్కపో."

అజారుద్దీన్ పెద్దగా నవ్వాడు. ఆడవాళ్ల మాటలకు కోపగించే మనిషి కాదు. అది ఆయన బలం. చెయ్యి చాపి, చిత్రం మీద మెల్లగా వేళ్లతో నిమురుతూ నడిచాడు. సున్నపు గట్లు, నార పోగులు, నెర్రెలు. చెయ్యి నడిమధ్యకు వస్తోంది. ఆరిఫా నిచ్చెన దిగింది. వద్దు అని చెప్పడానికి నోరు తెరిచింది.

"గిక్కడ వేడిగున్నది" అన్నాడు ఆయన.

టప్ మని చిన్న శబ్దం. ఒక పెంకు విడిచి ఆయన పాదాల ముందు పడింది. దాని వెనక ఇంకొకటి. ఎర్రమట్టిలో ఏర్పడిన గుంటలోంచి నల్లదారం జారి వేలాడింది. దారం చివర రాగి మెరిసింది.



రేపటి కోసం దాచిపెట్టుకున్న మాటలన్నీ ఆరిఫా నాలుక మీదికి ఒకేసారి వచ్చాయి. రావాల్సిన జనం లేరు. అమ్మీ లేదు. అయినా ఆగలేదు. మీరు అని పిలిచిన నోరు ఆ క్షణంలో మారిపోయింది.

"గుర్తు పట్టినవా? మంచిగ చూడు. పంటిగాటు గూడ ఉన్నది. వైజాగ్ పోయిన పోరడు తాయెత్తు గుట్టల ఇడిసిపెట్టి పోయిండా? నువ్వు నా తమ్ముణ్ణి మట్టిల తొక్కి, వాని మీదికెళ్లి టిప్పర్లు నడిపినవ్. మా అమ్మీ ముంగట కూసోని చాయ తాగుకుంట, వాడు లేచిపోయిండని చెప్పినవ్. రేపు గిది అందరి ముంగట రాలేది. నీ మెడల దండ ఉండంగ రాలేది."

అజారుద్దీన్ కదల్లేదు. పెదవి మీది నవ్వు మాత్రం పోయింది. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. తాయెత్తును ముట్టుకోకుండా, ముఖాన్ని దానికి దగ్గరగా పెట్టి దారం కొసలను చూశాడు. ఎంతో ఓపిగ్గా చూశాడు.

"కూసో" అన్నాడు.

"నేను కూసోను."

"సరే, నిలబడే విను. మీద మట్టి పడ్డోని దారం ఎట్లుంటది? పీకుతే తెగుతది. పోగులు పోగులుగ లేస్తది. గిది చూడు." వేలితో గాలిలో చూపించాడు. "రెండు కొసలు సాఫ్‌గ ఉన్నయ్. గిది తెగలే బేటీ. కోసిండ్రు. బ్లేడుతోని కోసిండ్రు."

ఆరిఫా చూసింది. జల్లెడ దగ్గర దొరికిన రోజు కూడా చూసింది. అప్పుడు కళ్లు పంటిగాటు దగ్గరే ఆగిపోయాయి. దారం కొసలు నున్నగా, పదునుగా ఉన్నాయి.

"బతికున్నోని తాయెత్తు ఎవడన్న కోస్తడా?" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "మనోళ్లల్ల తాయెత్తు ఎప్పుడు కోస్తరు? నీకెర్కనే."

ఆమెకు తెలుసు. స్నానం చేయించే ముందు కోస్తారు. శవం మీద ఉంగరం, గొలుసు, తాయెత్తు ఏదీ ఉంచరు. స్నానం చేయించేవాడు అన్నీ తీసి పక్కన పెడతాడు. పవిత్రమైన మాటలు రాసిన తాయెత్తును ఎక్కడపడితే అక్కడ పారేయరు. పారే నీళ్లలో వదులుతారు. లేదంటే కాలు పడని చోట, శుభ్రమైన మట్టిలో పాతిపెడతారు.

వాగు దిక్కు. జంపక్క ఇందాక చెప్పిన మాట ఇప్పుడు పూర్తిగా వినిపించింది. జారింది రోడ్డు దిక్కు. ఈ ముద్ద దొరికింది వెనక, వాగు దిక్కు. అది గుట్ట బరువుకు నలిగిన ముద్ద కాదు. ఎవరో తాయెత్తును నడుమ పెట్టి, రెండు అరచేతుల మధ్య గుండ్రంగా చేసి, బొటనవేలితో నొక్కి మూసిన ముద్ద. గోడ సందుల్లో పెట్టడానికి సున్నం ముద్దను అలా నొక్కే మనిషిని ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తోంది.

"పాల్వంచల గుస్ల్ ఇచ్చేటోళ్లు ఎందరున్నరు బేటీ?" అన్నాడు అజారుద్దీన్.

ఆరిఫా నిచ్చెన పట్టుకుంది.

చేతులు వణుకుతున్నాయన్న మనిషి ఆ ఏడాదే మసీదు మెట్లకు గచ్చు చేశాడు. ఆ పనిలో ఒక్క గీత కూడా వంకర పోలేదు. ఆమె అది చూసింది, మెచ్చుకుంది, ఆలోచించలేదు. మనసుకు అక్కర్లేని వాటిని కన్ను చూసి కూడా పక్కన పెడుతుంది. ఇన్నాళ్లూ తన కన్ను ఎన్ని పక్కన పెట్టిందో.

ప్రతి శుక్రవారం అమ్మీ చేతులు పైకెత్తి, నా కొడుకు ఎక్కడున్నా కడుపునిండా తినాలె, నీడల పండాలె అని దువా చేస్తుంది. పక్కనే కూర్చున్న అబ్బా ఆమీన్ అంటాడు. ఆ ఆమీన్ ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. అది దుఃఖమనుకుంది.

"ఎక్కడ పెట్టిండ్రు?" అని అడిగింది.

"అది మీ అబ్బాకే ఎర్క. నేను మొహం తిప్పుకున్న. జేసీబీతోని వాణ్ణి బయటికి తీపిచ్చినంత వరకే నా పని."

"ఎందుకు చెప్పలే? నువ్వు సరే. అబ్బా ఎందుకు చెప్పలే?"

"ఆయన్నే అడుగు." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ పొద్దు గుట్ట మీద పగులు పడ్డదని, పోనని ఫజల్ ఇంట్లనే కూసున్నడు. నేను హఫీజ్‌కు ఫోన్ చేసిన. దోస్తు మాట తీసేయలే ఆయన. పోరణ్ణి తోలిండు."

అది అబద్ధం కాదు. ఆ పొద్దున ఆరిఫా అదే ఇంట్లో రొట్టెలు చేస్తోంది. గుట్ట మీద వేలు పట్టేంత పగులు పడ్డది అబ్బా, అని ఫజల్ అన్నాడు. చాచా పిలిస్తే పోకపోతే ఏం బాగుంటది, అని అబ్బా అన్నాడు. తాను రొట్టె తిప్పుతూ ఉండిపోయింది.

"నీకు కోపమొస్తది, రావాలె" అన్నాడు అజారుద్దీన్. మళ్లీ చాచా గొంతు వచ్చేసింది. "గని రేపు గది బయట పెడితే నా ఒక్కని చేతులకే మట్టి అంటదు. పోలీసోళ్లు ముందుగాల అడిగేది, చెప్పకుండ పాతిపెట్టిందెవరని. ఈ వయసుల మీ అబ్బాను స్టేషన్ మెట్లెక్కిస్తవా? తియ్యి దాన్ని. గోదావరిల ఇడిసిపెట్టు, సవాబు, పుణ్యం వస్తది. గుంత మూసెయ్యి. సాయంత్రం మళ్లొచ్చి చూస్త."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఏ కూతురైనా ఇక్కడ ఆగిపోతుందని ఆయనకు గట్టి నమ్మకం. జీవితమంతా మనుషుల్ని ఆ లెక్కతోనే కట్టేశాడు. ఒకణ్ణి ఆపాలంటే వాడి వెనక ఉన్నవాణ్ణి చూపిస్తే చాలు.

ఆరిఫా లోపలి చెయ్యి ఎప్పటిలాగే ఆ గోడ దగ్గరికి వెళ్లింది. తడి ఆరలేదు. గోడకు అవతలి వైపు కూడా తడి ఉంది. ఇన్నాళ్లూ అటువైపు తిరిగి చూడలేదంతే. అబ్బా మీద జాలి కలగాలని ఒక్క క్షణం ఎదురుచూసింది. దాని బదులు అమ్మీ చేతులు కనిపించాయి. పైకెత్తిన చేతులు. ఆమీన్ కోసం ఆగిన చేతులు.

"సరే చాచా" అంది. మాట మళ్లీ మర్యాదలోకి వచ్చింది. "మూసేస్త. మీరు ఒక్క మాట వినాలె."

"చెప్పు బేటీ."

"రేపు పరదా ఎవరో ఆఫీసర్‌తోని తీపియ్యొద్దు. అబ్బాతోని తీపియ్యండి. మీ దోస్తు. ఈ పని నాకు నేర్పిందాయనే. అమ్మీని గూడ పక్కన నిలబెడుదాం."

అజారుద్దీన్ ముఖం విప్పారింది. కంటి కొసన నిజంగానే తడి మెరిసింది. "మంచి మాటన్నవ్. మంచి మాట" అంటూ ఆమె తల మీద చెయ్యి పెట్టి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. అత్తరు వాసన మాత్రం చాలాసేపు ఉండిపోయింది.

జంపక్క లేచి వచ్చింది. రాలిన పెంకుల్ని కొంగులో ఏరుకుంటూ, వేలాడుతున్న దారాన్ని చూసింది. "నేను గోకి తెచ్చిన మట్టిల గింత ఉన్నదా" అని గొణిగింది. "పడుకున్నోళ్లను లేపినట్టయింది."

"లేపితేనే మంచిది" అంది ఆరిఫా.

తాయెత్తును మళ్లీ గుంటలో పెట్టింది. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. అబ్బానే ఎత్తాడు. వెనక అమ్మీ కుక్కర్ దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అబ్బా, రేపు హాల్ల పరదా మీరు తీయాలంట. చాచా చెప్పమన్నడు."

"నేనెందుకు బేటా? పెద్దోళ్లు వస్తరు గద."

"చిత్రం గుట్ట మట్టితోని చేసిన. మీరే తీయాలె."

అవతల కుక్కర్ చప్పుడు వినిపించడం ఆగిపోయింది. ఫోన్ పట్టుకొని వరండాలోకి వచ్చినట్టున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు బాగా చిన్నదైపోయింది.

"గుట్టకు ఏ దిక్కుది?"

ఆరిఫా కళ్లు మూసుకుంది. ఇంకా మిగిలి ఉన్న చివరి అనుమానం ఆ ఒక్క ప్రశ్నతో రాలిపోయింది.

"వాగు దిక్కుది అబ్బా."

జంపక్క మట్టిముద్దతో పైకి చూసింది. ఇంకో చేతిలో ఊక చేట. "గుంతల పెట్టాలె గద. ఊక కలపనా బిడ్డా?"

ఫోన్ చెవి దగ్గరి నుంచి తీయకుండానే, అవతలికి స్పష్టంగా వినిపించేలా ఆరిఫా చెప్పింది. "వద్దు జంపక్కా. ఊక వద్దు, బంక గూడ వద్దు. మందంగ పెట్టు. రేపు లైట్ల కింద ఎండుతది."

ఊక లేని మట్టి లైట్ల కింద ఏమవుతుందో హఫీజ్‌కు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆయన ఊపిరి ఆమెకు వినిపిస్తోంది. తాపీ గోడ మీద లాగినప్పటి చప్పుడులా నెమ్మదిగా, ఒకే తీరుగా. లోపలి నుంచి అమ్మీ, ఎవరండీ ఫోన్ల, అని పిలిచింది.

"నీకు ఎవరు చెప్పిండ్రు?" అని అడుగుతాడనుకుంది. "తప్పయింది బేటా" అంటాడనుకుంది. ఏ మాట వచ్చినా దాన్ని తిప్పికొట్టడానికి సిద్ధంగా నిలబడింది.

"మీ అమ్మీకి, చావింటికి పోయేటప్పటి తెల్లచీర కట్టుకోమని చెప్త" అన్నాడు హఫీజ్. "పరదా నేనే తీస్త."